ఒప్పు చెప్పినా ‘ఎలా?’ అని అడగండి

ప్రశ్న: చంద్రగిరి దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో 7వ తరగతికి లెక్కలు చెబుతాను సార్. పిల్లలు జవాబు టక్కున చెప్పేస్తారు. ఎలా వచ్చిందో చెప్పమంటే మాత్రం తల దించుకుంటారు. ఎప్పుడు చూసినా ఆ నలుగురే లేస్తారు. పైగా సిలబస్ టెన్షన్. మిగతావాళ్ల చేత మాట్లాడించేదెట్లా?
– ఒక ఉపాధ్యాయురాలు

జవాబు: మీరు ‘ఎలా చేశావు?’ అని ఎప్పుడు అడుగుతున్నారో ఒకసారి గమనించుకోండమ్మా. చిత్తూరులో నేను పనిచేసినన్నాళ్లూ చాలా క్లాసుల్లో చూసిందే చెబుతున్నా. జవాబు ఒప్పయితే ‘వెరీ గుడ్, కూర్చో’. తప్పయితేనే ‘ఏదీ, ఎలా చేశావో చెప్పు’. ఆ మాట వినపడితే తప్పు చేసినట్టేనని పిల్లలు ఇట్టే పసిగడతారు. ఇక నోరెందుకు విప్పుతారు? అందుకని ఒప్పు జవాబులకే ఎక్కువసార్లు అడగండి. ఒప్పో తప్పో మీ ముఖంలో కనపడనివ్వకండి. ఇది కాస్త కష్టమే, మన కనుబొమలు మన మాట వినవు.

దామలచెరువు మామిడి మండీకి నాన్న వెంట వెళ్లే పిల్లలు మీ క్లాసులోనూ ఉండొచ్చు. కిలో 18 రూపాయల చొప్పున 25 కిలోల కాయలకు ఎంతవుతుంది? పెన్ను ముట్టుకోవద్దనండి. ఒకడు ‘ఇరవై ఇరవయ్యైదులు 500, అందులో రెండు ఇరవయ్యైదులు తీసేశా, 450’ అంటాడు. ఇంకో అమ్మాయి పది ఇరవయ్యైదులు, ఎనిమిది ఇరవయ్యైదులు విడివిడిగా కట్టి కలుపుతుంది. ఇంకొకడు 18ని సగం చేసి, 25ని రెట్టింపు చేసి, తొమ్మిది యాభైలు అంటాడు. ఎవరి పద్ధతి వాళ్ల మాటల్లోనే బోర్డు మీద రాసి, పక్కన పేరు పెట్టండి. ‘ఒకటి సగం చేసి ఇంకోటి రెట్టింపు చేస్తే మొత్తం ఎందుకు మారలేదు?’ అని అప్పుడు అడగండి. అసలు లెక్క అక్కడ మొదలవుతుంది.

తప్పు జవాబునూ అంత తొందరగా కొట్టేయకండి. 1/2కి 1/3 కలిపి 2/5 అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ‘2/5 సగం కన్నా ఎక్కువా, తక్కువా?’ అని అందరినీ అడిగి ఊరుకోండి. సగానికి ఇంకొంచెం కలిపితే తగ్గిందేమిటని వాళ్లలో వాళ్లే వాదించుకుంటారు. జవాబు చెప్పిన పిల్లవాడే చాలాసార్లు సర్దుకుంటాడు.

అడిగాక ఆగడం ఇంకో సంగతి. ప్రశ్న వేశాక టీచర్లు సగటున ఒక్క సెకనుకు మించి ఆగడం లేదని అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలోనే గమనించారు. ఆవిడ చూసింది సైన్సు క్లాసులు. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవయ్యాయి, మామూలుగా మాట్లాడని పిల్లలూ మాట్లాడారు. మీ క్లాసులో ఆ నలుగురే లేవడానికి ఇదీ ఒక కారణమై ఉండొచ్చు. మిగతావాళ్లు ఆలోచన మొదలుపెట్టేలోపే జవాబు బయటికొచ్చేస్తోంది.

ఇంగ్లీషులోనే చెప్పాలని మాత్రం పట్టుబట్టకండి. మన పాఠ్యపుస్తకమే ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు. నగరి వైపు నుంచి వచ్చిన పిల్లలు తమిళంలో చెబితే చెప్పనివ్వండి, పక్కవాళ్లు అందుకుంటారు.

సిలబస్ సంగతా? రోజూ పీరియడ్ మొదట్లో పది నిమిషాలు, ఒకే ఒక్క లెక్క. మిగతా పాఠం మామూలే. ‘ఎలా’ వచ్చిన పిల్లలకు తర్వాతి అధ్యాయాలు మళ్లీ మళ్లీ చెప్పే పని తగ్గుతుంది.

ఎంతకీ లేవని పిల్లల్ని నిలబెట్టి అడగకండి. ముందు పక్క బెంచీ వాళ్లతో రెండు నిమిషాలు మాట్లాడుకోనివ్వండి. తర్వాత ‘నువ్వేం చేశావు?’ అనకుండా, ‘నీ పక్కనున్న అమ్మాయి ఎలా చేసింది?’ అని అడగండి. ఇంకొకరి ఆలోచన చెప్పడానికి అంత భయముండదు. ‘కాదు సార్, నేనట్లా చేయలేదు’ అని పక్కనున్న పిల్ల దానంతటదే లేచి నిలబడటం నేను చాలాసార్లు చూశాను.