అడ్డుగీతను సున్నాగా చదివినవాడి ఉత్తరం

విజయనగరం

చిరంజీవి అమ్మడికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

మొన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, నీకు హైదరాబాదులో పరిశోధనకు సీటు వచ్చిందనీ, శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతపు మూత్రపిండాల జబ్బు ఒక మనిషిలో ఎంత వేగంగా ముదురుతుందో చెప్పే గణిత నమూనా కట్టాలని నువ్వు నిశ్చయించుకున్నావనీ చెప్పినప్పుడు, సంతోషం పట్టలేక మీ పెద్దమ్మను నిద్రలేపి మరీ చెప్పాను. ఆమె విని, నవ్వి, తిరిగి పడుకుంది. నాకు మాత్రం తెల్లవారేదాకా కన్ను మూతపడలేదు. అందులో సగం గర్వం, సగం భయం. ఆ ఉద్దానంలోని కవిటిలో మీ అమ్మమ్మను ఆ జబ్బే తీసుకుపోయింది, మీ మేనమామ ఇప్పుడు డయాలసిస్‌కు తిరుగుతున్నాడు. పరాయివాళ్ళ జబ్బయితే జవాబు రాకపోయినా నువ్వు నిదానంగా ఉండగలవు. ఇది అలాంటిది కాదు కాబట్టి, గ్రాఫులో గీత అందంగా వచ్చిన రోజున దాన్ని నమ్మేస్తావేమోనని నా భయం.

తేలికైన సంగతులు ముందే చెప్పి వదిలేస్తాను. ప్రోగ్రామును ఎప్పుడు ఏ కారణానికి మార్చావో తేదీతో రాసి పెట్టుకో. రోజులనూ నెలలనూ కలిపేయకు. ఒక ప్రయోగశాల, మూత్రపిండాలు రక్తంలోంచి వడకట్టాల్సిన వ్యర్థమైన క్రియాటినిన్‌ను డెసిలీటరుకు మిల్లీగ్రాములలో రాస్తే, విదేశీ వ్యాసం లీటరుకు మైక్రోమోల్‌లలో రాస్తుంది. రెండింటికీ మధ్య 88.4 రెట్లు తేడా. అసలు సమాచారం ముట్టుకోకముందే, నీకు తెలిసిన విలువలతో నువ్వే దొంగ లెక్కలు పుట్టించి, నీ ప్రోగ్రాము ఆ విలువలను తిరిగి పట్టుకోగలుగుతుందో లేదో చూడు. తాను పెట్టినదాన్ని తానే వెతుక్కోలేని ప్రోగ్రాము, ప్రకృతి పెట్టినదాన్ని వెతకలేదు. కొన్ని ఊళ్ళ వివరాలను మొదటినుంచీ పక్కన పెట్టి, చివర్లో పరీక్షకు మాత్రమే వాడు. ఇవన్నీ నీకు మీ ఆచార్యులు నాకంటే బాగా చెబుతారు.

వాళ్ళు చెప్పకపోవచ్చునని నాకు అనిపించేది ఇంకొకటి ఉంది. మూత్రపిండాలు రక్తాన్ని ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పడానికి వడపోత రేటు అని ఆసుపత్రి కాగితం మీద కనిపించే అంకెను ఎవరూ కొలవలేదు. కొలిచింది రక్తంలోని క్రియాటినిన్‌ను. దానికి వయసునూ, ఆడా మగా అనే వివరాన్నీ చేర్చి ఒక సూత్రంలో వేస్తే ఆ రేటు వచ్చింది. అంటే నువ్వు నమూనా కట్టకముందే నీ చేతికి వచ్చేది మరొకరి నమూనా. ఇలాంటి సూత్రాలలో పేరున్న ఒకటి 1999లో అమెరికాలోని 1,628 మంది రోగుల వివరాల మీద కట్టినది. క్రియాటినిన్ కండనుంచి పుడుతుంది. జీడితోటల్లో ఎండలో పనిచేసి ఎముకలకు అంటుకుపోయిన ఉద్దానం కూలీ కండ వేరు, ఆ రోగుల కండ వేరు. 2021లో వచ్చిన మరో సూత్రంతో నేను నిన్న కాగితం మీద లెక్క కట్టి చూశాను: యాభై ఏళ్ళ మగవాడికి క్రియాటినిన్ 1.4 ఉంటే రేటు సుమారు 61, అదే 1.5 అయితే సుమారు 56. జబ్బుకు గీసిన హద్దు 60, అంతకు తగ్గితే జబ్బు కింద లెక్క. దశాంశంలో ఒక్క అంకె మనిషిని హద్దుకు అటునుంచి ఇటు నెట్టేస్తుంది. క్రియాటినిన్ పరీక్షను 1886 నాటి జాఫే పద్ధతిలో చేసే ప్రయోగశాలకూ, ఎంజైము పద్ధతిలో చేసే ప్రయోగశాలకూ మధ్య ఆ మాత్రం తేడా రావడం వింత కాదు. పైగా ఎండలో నీళ్ళు తాగకుండా పనిచేసిన రోజు సాయంత్రం ఎవరికైనా క్రియాటినిన్ పెరుగుతుంది. తక్కువ రేటు మూడు నెలలకు పైగా నిలిస్తేనే దీర్ఘకాలిక జబ్బు అనాలన్న నియమం అందుకే పెట్టారు. రక్తం ఏ గంటకు తీశారో, మనిషి ఆ రోజు ఏ పని చేసి వచ్చాడో నీ పట్టికలో ఒక నిలువు వరుస ఉండాలి. లేకపోతే ఎందుకు లేదో రాసి ఉండాలి.

ఇక నా తప్పు గురించి. ఇంట్లో ఈ కథ మీ పెద్దమ్మకు తప్ప ఎవరికీ పూర్తిగా తెలియదు.

అది 1991. నేను కాలేజీలో గణాంకశాస్త్రం చెబుతున్నాను. పార్వతీపురం ఏజెన్సీ మలేరియా లెక్కలు చూసే పరిచయస్థుడు ఒకరు, అయిదేళ్ళ రిజిస్టర్లు నా ముందు పెట్టి, జ్వరాలు తగ్గుతున్నాయో పెరుగుతున్నాయో చెప్పమన్నాడు. అరవై నెలలు, నలభై పై చిలుకు గ్రామాలు. నా ఆనందం అంతా ఇంతా కాదు. రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో చూశాడని బడిలో అందరం చదువుకున్నదే కానీ, అదే మనిషి తరువాతి కాలంలో దోమల సంఖ్యకూ జ్వరాల సంఖ్యకూ సమీకరణాలు రాశాడనీ, 1950లలో జార్జ్ మెక్‌డొనాల్డ్ వాటిని పెంచి పెద్దచేశాడనీ చాలామందికి తెలియదు. నాకు తెలుసు, తెలుసునన్న గర్వమూ ఉండేది. ఆ సమీకరణాలలో అన్నిటికంటే బలమైనది దోమ ఆయుష్షు. క్రిమి దోమ ఒంట్లో పక్వానికి రావడానికి సుమారు పది రోజులు పడుతుంది. అన్నాళ్ళు బతికిన దోమే ప్రమాదం. రోజుకు వందలో 88 దోమలు మిగిలే చోట పదో రోజుకు 28 ఉంటాయి. 81 మాత్రమే మిగిలే చోట 12 ఉంటాయి. ఇంటి గోడల మీద డీడీటీ కొట్టడం వెనుక ఉన్న లెక్క ఇదే.

కాలేజీ కంప్యూటరు మీద, సెలవుల్లో, రాత్రిపూట ఆ రిజిస్టర్లను నేనే ఎక్కించాను. కొన్ని గడుల్లో అంకె లేదు, అడ్డుగీత ఉంది. నేను బేసిక్ భాషలో రాసుకున్న ప్రోగ్రాము అడ్డుగీతను తీసుకోదు, అంకె అడుగుతుంది. కేసులు లేవు కాబట్టి గీత పెట్టి ఉంటారని అనుకున్నాను. సున్నా కొట్టాను. ఒక్కొక్క సున్నా కొట్టడానికి ఒక్క క్షణం పట్టింది, అనుమానించడానికి ఆ క్షణం కూడా కేటాయించలేదు.

గ్రాఫులో గీత ఎంత అందంగా వచ్చిందనుకున్నావు! చివరి రెండేళ్ళలో జ్వరాలు వరసగా దిగిపోయాయి. దోమ మనుగడ 0.88 నుంచి 0.81కి పడిపోయిందని నమూనా చెప్పింది. పిచికారీ ఫలించిందని నేను వివరణ అల్లాను. సమావేశంలో ఆ గీతను పారదర్శక కాగితం మీద వేసి చూపించి, ఒక గెడ్డకు అవతల ఉన్న కొన్ని ఊళ్ళలో రెండో విడత పిచికారీ అక్కరలేదు, ఆ మందును వేరేచోటికి మళ్ళించవచ్చునని సలహా ఇచ్చాను. నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు. అడగని సలహా అది.

ఆ ఏడు వానలు కాస్త తెరిపి ఇచ్చాక, ఆ గెడ్డ అవతలి ఊరికి ఊరికే చూద్దామని వెళ్ళాను. వెంట మలేరియా పరీక్షకు రక్తపూతలు సేకరించే కార్యకర్త ఒకాయన వచ్చాడు. మొదటి ఇంట్లోనే ముగ్గురు పిల్లలు ఒకే దుప్పటి కింద వణుకుతున్నారు. నేను నా పట్టిక తీసి, ఈ ఊళ్ళో పోయిన ఏడాది జూలై, ఆగస్టు, సెప్టెంబరు సున్నా కదా అన్నాను. ఆయన పట్టిక వంక చూసి, ఏ దాపరికమూ లేకుండా అన్నాడు: "బాబూ, గెడ్డ పొంగితే నేను దాటలేను. దాటని నెల గీత పెడతాను. జ్వరాలు లేకపోతే సున్నా పెడతాను." రిజిస్టరు ముట్టుకున్నవాళ్ళందరికీ తెలిసిన ఆ సంగతి నాకొక్కడికే తెలియదు, ఎందుకంటే నేనొక్కడినే అడగలేదు. మలేరియా బాగా పెరిగేది వానల్లోనే. గెడ్డలు పొంగేదీ వానల్లోనే. జ్వరాలు ఎక్కువగా ఉండే నెలలనే ఏరి ఏరి నేను సున్నాలు చేశాను. చివరి రెండేళ్ళు వానలు ఎక్కువ, గీతలు ఎక్కువ, అందుకని నా వక్రరేఖ దిగింది.

తిరిగి వచ్చి అదే సమావేశంలో నా తప్పు నేనే చెప్పాను. ఎవరూ తిట్టలేదు, అదే ఇంకా కష్టంగా ఉంది. పిచికారీ వెళ్ళింది కానీ ఆలస్యంగా వెళ్ళింది. ఆ మధ్యలో ఆ ఊళ్ళలో ఎంతమందికి జ్వరం వచ్చిందో తెలుసుకోవాలని ఆ ఏటి రిజిస్టరు తెప్పించి చూశాను. ఆ నెలల గడుల్లో కూడా అడ్డుగీతలే ఉన్నాయి.

ఇందులో ఉన్న గణితాన్ని కూడా గుర్తుంచుకో. చేతికి వచ్చే కేసుల సంఖ్య రెండు అంకెల లబ్ధం: ఊళ్ళో జ్వరాలు ఎన్ని, వాటిలో మన కంటపడినవి ఎంత భాగం. లబ్ధం పన్నెండు అని తెలిస్తే అది మూడు నాలుగులా, రెండు ఆరులా అన్నది ఆ పన్నెండును ఎంతసేపు చూసినా తెలియదు. ఎంత పెద్ద కంప్యూటరయినా చెప్పదు. ఆ నెల ఎన్ని రక్తపూతలు తీశారన్నది వేరే పుస్తకంలో ఉంది. నేను దాన్ని అడగనే లేదు. 1927లో కెర్మాక్, మెకెండ్రిక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు తమ అంటువ్యాధి సమీకరణాలను 1905-06 నాటి బొంబాయి ప్లేగు లెక్కలతో పోల్చి చూశారు. వారి దగ్గర ఉన్నవి వారం వారం మరణాలే తప్ప జబ్బుపడినవాళ్ళ లెక్క కాదు. ఎంత గొప్పవాళ్ళకయినా చేతికి అందేది ఏనుగులో ఒక తోక మాత్రమే.

ఇప్పుడు నీ ఉద్దానానికి రా. ఒక మనిషి మూడుసార్లు పరీక్షకు వచ్చి, నాలుగోసారి రాలేదనుకో. అతను కూలిపనికి వలస పోయి ఉండవచ్చు, ఇచ్ఛాపురం వైపువాళ్ళు చాలామందిలాగా ఒడిశాలోని బరంపురం ఆసుపత్రికి మారి ఉండవచ్చు, విశాఖపట్నంలో డయాలసిస్‌లో ఉండవచ్చు, చనిపోయి ఉండవచ్చు. నీ పట్టికలో ఈ నలుగురూ ఒకే ఖాళీ గడి. జబ్బు వేగంగా ముదిరినవాళ్ళే త్వరగా పట్టికలోంచి జారిపోతారు కాబట్టి, మిగిలినవాళ్ళను మాత్రమే కొలిస్తే ఉద్దానం కోలుకుంటున్నట్టు కనిపిస్తుంది. క్రియాటినిన్ నడకనూ మరణాన్నీ ఒకే నమూనాలో కలిపి కట్టే పద్ధతులు ఉన్నాయి, అవి మొదటి ఏడాదిలోనే నేర్చుకో. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరినీ జీడినీ కూల్చివేసిన నెలల్లో ఎవరు పరీక్షకు రాగలిగారో అడుగు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచాక కేసులు పెరిగినట్టు కనిపిస్తే, జబ్బు పెరిగిందో, చూసే కన్ను పెరిగిందో ముందు తేల్చుకో.

సంక్రాంతికి వచ్చినప్పుడు నువ్వు నాకు ల్యాప్‌టాప్‌లో ఒక ఆజ్ఞ చూపించి, "పెదనాన్నా, లేని విలువలన్నీ ఇది సగటుతో నింపేస్తుంది" అని మురిసిపోయావు. ఆ రోజు పండగపూట ఎందుకని ఊరుకున్నాను, ఈ రోజు కోప్పడుతున్నాను. మనిషి ఎందుకు రాలేదో తెలియకుండా అతని రక్తంలో నీ సగటు పోస్తావా? నా తప్పుకు ఒక్కొక్క మీట నొక్కాల్సి వచ్చింది. నీకు ఒక్క వరుసలో అయిపోతుంది, అదే తేడా. కోపం చాలు. చిన్నప్పుడు పప్పులో ఎన్ని బెడ్డలున్నాయో లెక్కపెట్టి మీ పెద్దమ్మకు చెప్పి గాని కొంగు వదలని పిల్లవు, నీకు ఇంత చెప్పాల్సిన పని లేదని తెలుసు. చెప్పకుండా ఉండలేక చెబుతున్నాను.

జబ్బుకు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. నీటిలోని సిలికా, లోహాలు, పురుగుమందులు, నొప్పి బిళ్ళలు, ఎండదెబ్బ, అన్నీ అనుమానాలే. కవిటిలో ఎవరైనా నీ చేయి పట్టుకుని "నాకింకెన్నాళ్ళమ్మా" అని అడుగుతారు, బహుశా మీ మావయ్యే అడుగుతాడు. నీ నమూనా వందమంది గుంపు గురించి చెప్పేదాన్ని ఆ ఒక్కడి మీద పెట్టి చెప్పకు. మందులు మానవద్దని చెప్పు, పక్కన కూర్చో.

వేసవిలో తిరగాల్సి వస్తే పొద్దున్న పది దాటాక బయట ఉండకు, గొడుగూ నీళ్ళసీసా మరచిపోకు. పలాస పోయే రైలు ఎలాగూ విజయనగరంలో ఆగుతుంది. దిగి ఒక రాత్రి ఉండి వెళ్ళు. ఆ అయిదేళ్ళ రిజిస్టర్లనుంచి నేను చేత్తో ఎత్తి రాసుకున్న నోటుపుస్తకం అటకమీద దొరికింది. అంచులు చెదలు కొట్టాయి, అడ్డుగీతలు మాత్రం బాగానే ఉన్నాయి. నీకిచ్చేద్దామని తుడిచి బల్లమీద పెట్టాను.

ఇట్లు
నీ పెదనాన్న