రీసెట్ కొట్టే ముందు: మీ ఫోన్ ప్రశ్నలకి జవాబులు

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తాగా చేస్తున్నానండీ. నా ఆండ్రాయిడ్ ఫోన్ నిండిపోయింది, వాట్సాప్ తెరుచుకోవాలంటేనే బోలెడంత సేపు పడుతోంది. మొత్తం చెరిపేసి కొత్తదానిలా మొదలుపెడదామని ఉంది. కానీ కాటా చీటీల ఫోటోలు, పార్టీలు పెట్టిన వాయిస్ మెసేజ్‌లు, రైతుల నంబర్లు అన్నీ అందులోనే ఉన్నాయి. సెట్టింగ్స్‌లో బ్యాకప్ ఆన్ అనే చూపిస్తోంది. రీసెట్ కొట్టేయొచ్చా?
(గుమాస్తా, గుంటూరు)

జవాబు: అప్పుడే వద్దండీ. బ్యాకప్ ఆన్‌లో ఉందంటే స్విచ్ వేసుందని అర్థం, అంతే, మీ చీటీలు అవతలికి చేరాయని కాదు. కొట్టులో కంప్యూటర్ ఉంటే అందులోనో, లేకపోతే ఇంట్లో ఇంకొకళ్ల ఫోన్‌లోనో మీ జీమెయిల్‌తో లాగిన్ అయ్యి, అక్కడ మీ కళ్లతో చూసుకోండి. అక్కడ కనపడిందే బ్యాకప్, మిగతాదంతా మన నమ్మకం.

ముందు నంబర్లు చూద్దాం. ఒకే ఫోన్‌లో కొన్ని సిమ్‌లో, కొన్ని ఫోన్‌లో, కొన్ని గూగుల్‌లో సేవ్ అయి ఉంటాయి, పైకి మాత్రం అన్నీ ఒకే లిస్టులో కనిపిస్తాయి కాబట్టి మనకి తేడా తెలీదు. ఫోన్‌లో ఉన్నవాటిని గూగుల్ అకౌంట్‌లోకి మార్చేసి, తర్వాత కంప్యూటర్‌లో గూగుల్ కాంటాక్ట్స్ తెరిచి ఓ పదిమంది రైతుల పేర్లు వెతికి చూడండి.

ఫోటోల దగ్గర రెండు చిక్కులున్నాయి. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ, అది జీమెయిల్‌కీ డ్రైవ్‌కీ ఫోటోలకీ అన్నిటికీ కలిపి, 2021 జూన్ 1 నుంచి ఎక్కించిన ఫోటోలన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. అది నిండితే కొత్త ఫోటోలు ఎక్కడం ఆగిపోతుంది, నోటిఫికేషన్ వస్తుంది గానీ దాన్ని మనం పక్కకి తోసేస్తాం. రెండోది మీకు ఇంకా ముఖ్యం. మీరు కెమెరాతో తీసినవి గూగుల్ ఫోటోస్‌లోకి వెళ్తాయి, వాట్సాప్‌లో వచ్చిన చీటీలు మాత్రం ఆ ఫోల్డర్‌కి విడిగా బ్యాకప్ ఆన్ చేస్తే తప్ప వెళ్లవు. నాకు తెలిసి చాలామంది దెబ్బతినేది ఇక్కడే.

ఇక వాట్సాప్. సెట్టింగ్స్‌లో చాట్స్, అందులో చాట్ బ్యాకప్‌కి వెళ్లి చివరి బ్యాకప్ తేదీ చూడండి, పాతదైతే అప్పటికప్పుడు బ్యాకప్ నొక్కండి. ఇదీ ఆ 15 జీబీలోంచే తింటుంది. ఆ బ్యాకప్‌కి ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్, అంటే మీరు తప్ప ఎవరూ తెరవలేని తాళం, పెట్టుకుని ఉంటే ఆ పాస్‌వర్డో, 64 అంకెల కీనో కాగితం మీద రాసి పెట్టుకోండి, అది పోతే వాట్సాప్ వాళ్లు కూడా ఆ బ్యాకప్ తెరిచి ఇవ్వలేరు. నన్నడిగితే ఇది చాలదు, యూఎస్‌బీ కేబుల్ పెట్టి ఫోన్‌లో ఆండ్రాయిడ్, మీడియా అనే ఫోల్డర్లలో ఉండే వాట్సాప్ ఫోల్డర్ మొత్తాన్ని కంప్యూటర్‌లోకి కాపీ కొట్టండి. వాయిస్ మెసేజ్‌లు, ఫోటోలు ఫైళ్లుగానే ఉంటాయి అందులో, రేపు పార్టీతో లెక్క తేడా వస్తే పనికొస్తాయి. డౌన్‌లోడ్స్ ఫోల్డరూ, కాల్ రికార్డింగ్‌లూ కూడా అలాగే కాపీ చేసుకోండి, వాటిని గూగుల్ బ్యాకప్ చూసుకుంటుందని నమ్మలేం.

మెమరీ కార్డు ఉందా? దాన్ని ఇంటర్నల్ స్టోరేజిలా ఫార్మాట్ చేసుంటే రీసెట్ తర్వాత అందులోది ఒక్కటి కూడా చదవలేరు, ఎందుకంటే దాని తాళం ఆ ఫోన్‌లోనే ఉంటుంది. మామూలు కార్డయితే తీసి పక్కన పెట్టండి చాలు.

రీసెట్ అయ్యాక ఫోన్‌పే, గూగుల్ పే అన్నీ మళ్లీ రిజిస్టర్ చేసుకోవాలి, ఆ సిమ్ నుంచి ఎస్ఎమ్ఎస్ వెళ్లాలి, కొన్ని బ్యాంకులు మొదటి 24 గంటలు తక్కువ మొత్తమే పంపనిస్తాయి. కాబట్టి మిర్చి టిక్కీలు (బస్తాలు) దిగే రోజు పొద్దున్నే పెట్టుకోకండి, యార్డు సెలవు రోజు చూసుకోండి.

ఇంకోమాట, అసలు రీసెట్ అవసరమేనా అని నా అనుమానం. వాట్సాప్‌లో స్టోరేజ్ అండ్ డేటా, మేనేజ్ స్టోరేజ్‌లోకి వెళ్తే ఏ గ్రూపు ఎంత తిన్నదో వరసగా చూపిస్తుంది, శుభోదయం వీడియోలే జీబీలకి జీబీలుంటాయి. ముందు అవి తీసి రెండ్రోజులు వాడి చూడండి. గ్రూపులు అవే, ఆటో డౌన్‌లోడ్ అదే అయితే రీసెట్ చేసినా కొన్నాళ్లకి మళ్లీ ఇదే కథ.

ప్రశ్న: మా పాత ఫోన్ ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేద్దామనుకుంటున్నాం. రీసెట్ చేసినా సాఫ్ట్‌వేర్ పెట్టి ఫోటోలు వెనక్కి తెస్తారని మా ఆడపడుచుగారబ్బాయి భయపెట్టాడు, అందుకని కూర్చుని ఒక్కో ఫోటో డిలీట్ చేస్తున్నాను. ఇంకా ఏమన్నా చెయ్యాలా?
(గృహిణి, సత్యనారాయణపురం, విజయవాడ)

జవాబు: అమ్మా, ముందు ఆ డిలీట్ చెయ్యడం ఆపండి. గూగుల్ ఫోటోస్ యాప్‌లో బ్యాకప్ అయిన ఫోటోని డిలీట్ కొడితే అది ఫోన్‌లోనే కాదు, అకౌంట్‌లో కూడా పోతుంది, రేపు కొత్త ఫోన్‌లో వెతుక్కుంటే ఉండదు. వెంటనే ట్రాష్ తెరవండి, బ్యాకప్ అయినవి 60 రోజులు, కానివి 30 రోజులు అందులో ఉంటాయి, రీస్టోర్ నొక్కితే వచ్చేస్తాయి. రీసెట్ అయితే అలా కాదు, అది ఫోన్‌లోవి చెరుపుతుంది గానీ అకౌంట్‌లో ఉన్నవాటి జోలికి పోదు.

ఆ అబ్బాయి చెప్పింది ఒకప్పటి ఫోన్లకి నిజమే. ఇప్పుడు, ముఖ్యంగా ఆండ్రాయిడ్ 10తో గానీ ఆ తర్వాతదానితో గానీ వచ్చిన ఫోన్లన్నిట్లో డేటా ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉంటుంది, అంటే తాళం వేసే ఉంటుంది. రీసెట్ చేస్తే ఆ తాళంచెవి పోతుంది, ప్రకాశం బ్యారేజీ మీంచి కృష్ణలోకి విసిరేసినట్టే అనుకోండి. లోపల మిగిలింది ఎవరు తవ్వి తీసినా అర్థంలేని చెత్తే. మీది బాగా పాత ఫోనైతే సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ కింద ఎన్‌క్రిప్ట్ ఫోన్ అని ఉంటుంది, ముందు అది చేసి తర్వాత రీసెట్ చెయ్యండి.

సెక్యూర్ ఫోల్డర్, లాక్డ్ ఫోల్డర్ లాంటి వాటిలో ఏమన్నా దాచుకుని ఉంటే ముందే బయటికి తీసుకోండి, విడిగా బ్యాకప్ లేకపోతే రీసెట్‌తో అవి పోతాయి. తర్వాత సిమ్, కార్డు తీసేసి, సెట్టింగ్స్‌లో గూగుల్ అకౌంట్ రిమూవ్ చేసి, స్క్రీన్ లాక్ తీసేసి, అప్పుడు రీసెట్. ఇదంతా ఇంట్లోనే చేసుకుని వెళ్లండి. బీసెంట్ రోడ్డులో పండగ రద్దీలో కౌంటర్ దగ్గర నిలబడితే కుర్రాడు "ఇటివ్వండి మేడం, నేను చేస్తా" అంటాడు, వాడి తొందర వాడిది. కుదిరితే కొత్త ఫోన్ కొన్నాక పాతది ఓ వారం ఉంచుకుని ఇవ్వండి, ఏది రాలేదో వాడుతుంటేనే తెలుస్తుంది.

ప్రశ్న: ఏలూరు రోడ్డులో సెకండ్ హ్యాండ్ ఫోన్ కొన్నాను. ఆన్ చేస్తే ఎవరిదో జీమెయిల్ అడుగుతోంది, ముందుకి పోవట్లేదు. ఐదొందలిస్తే బైపాస్ చేస్తామంటున్నారు ఇంకో షాపువాళ్లు, చేయించమంటారా?
(విద్యార్థి, విజయవాడ)

జవాబు: వద్దు బాబూ. ఇది ఆండ్రాయిడ్ 5.1 నుంచి ఉన్న దొంగతనం రక్షణ, పాత ఓనర్ తన అకౌంట్ తీయకుండా బటన్లు నొక్కి రీసెట్ చేస్తే ఇలా అడుగుతుంది. మర్చిపోయి అమ్మి ఉండొచ్చు, దొంగ ఫోనూ అయ్యుండొచ్చు. అమ్మినవాణ్ణి పట్టుకుని పాత ఓనర్‌తో ఒకసారి లాగిన్ చేయించమను, కాదంటే డబ్బులు వెనక్కడుగు. బాక్స్ మీద ఐఎంఈఐ నంబర్, అంటే ఆ ఫోన్ గుర్తింపు నంబర్, ఉంటుంది, ఇంగ్లీషులో కేవైఎం (KYM) అని కొట్టి స్పేస్ ఇచ్చి ఆ నంబర్ వేసి 14422కి మెసేజ్ పంపితే బ్లాక్ అయిన ఫోనా కాదా చెప్తుంది. అసలు ఇది డబ్బు చేతిలో పెట్టక ముందు చెయ్యాల్సిన పని, ఫోన్ ఆన్ అవుతుంటే *#06# కొట్టినా ఆ నంబర్ వస్తుంది.

ప్రశ్న: ఐఫోన్ మారుస్తున్నాను. ఐక్లౌడ్‌లో 5 జీబీ నిండిపోయింది, బ్యాకప్ కోసం డబ్బు కట్టాల్సిందేనా?
(పటమట, విజయవాడ)

జవాబు: అక్కర్లేదండీ. ఐఓఎస్ 15 నుంచి సెట్టింగ్స్‌లో జనరల్, ట్రాన్స్‌ఫర్ ఆర్ రీసెట్ ఐఫోన్, అందులో గెట్ స్టార్టెడ్ నొక్కితే కొత్త ఫోన్‌కి మారడానికని 21 రోజులపాటు తాత్కాలికంగా చోటు ఉచితంగా ఇస్తారు. కంప్యూటర్‌లోకి తీసుకునేట్టయితే ఎన్‌క్రిప్ట్ అన్న చోట టిక్ పెట్టండి, లేకపోతే సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు, హెల్త్ డేటా రావు. పాతది ఇచ్చే ముందు ఫైండ్ మై ఆఫ్ చెయ్యడం మర్చిపోవద్దు, అది ఉంటే కొన్నవాడికి ఫోన్ తెరుచుకోదు.

ప్రశ్న: ఫోన్ కిందపడి టచ్ పోయింది, బొమ్మ మాత్రం కనిపిస్తోంది. లోపలివి తీసుకుని చెరిపేదెలా?
(బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: ఫోన్ ఛార్జింగ్ పెట్టేచోట గుచ్చే చిన్న ఓటీజీ అడాప్టర్ ఒకటి కొని మామూలు యూఎస్‌బీ మౌస్ తగిలించండి, తెర మీద బాణం గుర్తు వస్తుంది, దాంతో లాక్ తీసి బ్యాకప్, రీసెట్ రెండూ చేసుకోవచ్చు. తెర పూర్తిగా నల్లబడితే, లోపలివి కావాలంటే డిస్‌ప్లే వేయించక తప్పదు. ఏమీ అక్కర్లేదు, చెరిగితే చాలంటే ఇంకో ఫోన్‌లో పోయిన ఫోన్ వెతికే గూగుల్ ఫైండ్ హబ్‌లోకి మీ అకౌంట్‌తో వెళ్లి ఎరేజ్ కొట్టండి, ఆ ఫోన్ ఆన్‌లో ఉండి నెట్ వస్తుండాలి. రిపేరుకిస్తే మాత్రం పిన్ చీటీ మీద రాసివ్వకండి. శాంసంగ్‌లో మెయింటెనెన్స్ మోడ్, పిక్సెల్‌లో రిపేర్ మోడ్ ఉంటాయి, మౌస్‌తోనే అది ఆన్ చేసి ఇస్తే షాపువాళ్లు డిస్‌ప్లే పరీక్షించుకోగలరు గానీ మీ ఫోటోలు, మెసేజ్‌లు వాళ్లకి కనపడవు.