ప్రాంప్టింగ్ దగ్గర మొదలుపెట్టు

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. రుషికొండ దగ్గర షూటింగు, యూనిట్‌లో కొత్తగా చేరిన విశాఖ కుర్రాడు, పెద్ద పేరున్న హీరోయిన్, పది రోజుల షెడ్యూలు. వస్తువు బాగుంది. కుర్రాడి మనసు నీకు బాగా తెలుసు. కానీ అతను ఏం పని చేస్తాడో కథ మొత్తంలో ఎక్కడా లేదు. "అసిస్టెంట్" అని ఒక్క మాట అనేసి వదిలేశావు. అతను ఆమెను చూస్తాడు, నిట్టూరుస్తాడు, మళ్లీ చూస్తాడు. లొకేషన్‌లో అలా ఊరికే నిలబడ్డవాణ్ణి కో-డైరెక్టర్ పావుగంట కూడా ఉండనివ్వడు.

ఇలాంటి మోజు పనిలోంచే పుడుతుంది, బయటపడేదీ పనిలోనే. అందుకే ముందు అతని చేతికి ఒక పని ఇవ్వు.

డైరెక్షన్ డిపార్ట్‌మెంట్‌లో చిన్నవాడికి మామూలుగా క్లాప్ అప్పజెబుతారు. పలక మీద సీన్, షాట్, టేక్ నంబర్లు రాసి, పైకి చదివి, కొట్టి, వెంటనే ఫ్రేములోంచి తప్పుకోవాలి. క్లోజప్‌లో పలక ఆమె ముఖానికి దగ్గరగా పట్టాలి, చప్పుడు మెల్లగా చెయ్యాలి. గట్టిగా కొడితే ఆర్టిస్టు ఉలిక్కిపడుతుంది, అంతసేపూ కూడగట్టుకున్న మూడ్ చెదురుతుంది. తప్పుకున్నాక కూడా ఆమె చూపు వెళ్లే దారిలో నిలబడకూడదు. నీ కుర్రాడు మూడు పేజీల పాటు సరిగ్గా అక్కడే నిలబడ్డాడు.

అయితే నీ కథకు క్లాప్ కన్నా ప్రాంప్టింగ్, అంటే పక్కనుంచి డైలాగు అందించడం, ఎక్కువ పనికొస్తుంది. హీరోయిన్ ముంబై నుంచి వచ్చింది, తెలుగు రాదు అని మొదటి పేజీలో రాసి ఆ సంగతే మరిచిపోయావు. అసలు కథ అక్కడుంది. తెలుగు రాని ఆర్టిస్టుకు డైలాగు ఎలా చేరుతుందో చూడు. ముందురోజు రాత్రే అసిస్టెంట్ ఆ సీను డైలాగులు ఇంగ్లీషు అక్షరాల్లోనో హిందీ అక్షరాల్లోనో రాసుకుంటాడు. ఎక్కడ ఆగాలో నిలువు గీత, ఏ మాట నొక్కాలో దాని కింద అడ్డగీత. పొద్దున మేకప్ అవుతుండగా కేరవాన్ దగ్గర ఒక్కో వాక్యానికీ అర్థం చెబుతాడు. షాట్‌లో ఫ్రేము అంచుకు బయట నిలబడి నాలుగైదు మాటల చొప్పున అందిస్తాడు, ఆమె పలుకుతుంది. ముక్క పొడవైతే తడబడుతుంది. తొందరపడి అందిస్తే ఎదుటివాడి డైలాగు మీద పడుతుంది. ఆలస్యమైతే ఆమె కళ్లు ఇతని వైపు తిరుగుతాయి, టేకు పోతుంది. పైగా అందించే గొంతులో భావం ఉండకూడదు. భాష తెలియనప్పుడు విన్న రాగాన్నే మనిషి పట్టుకుంటుంది కాబట్టి, ఇతను వణికితే ఆమే వణుకుతుంది.

ఇప్పుడు ఆలోచించు. ఆమె హీరోతో చెప్పాల్సిన ప్రేమ మాటలన్నీ ముందు ఈ కుర్రాడి నోట్లోంచి వస్తాయి. "నువ్వు లేకుండా నేనుండలేను" అని, కిరాణా చీటీ చదివినంత పొడిగా అతను అనాలి. ఆమె అదే మాట తిరిగి అంటుంది, కళ్లు మాత్రం హీరో మీద. అలా ఆరు టేకులు. నువ్వు నాలుగు పేజీల్లో చేసిన వర్ణన అంతా ఈ ఒక్క సీను మోయగలదు. ఇంకో లాభం కూడా ఉంది. కుర్రాడు మనవాడు, ఇంట్లో "ఏటి", "ఎల్తన్నాను" అనేవాడు. ఒక టేకులో నోరు జారి "ఏటైంది నీకు" అని అందిస్తాడు, ఆమె అచ్చం అలాగే అనేస్తుంది. యూనిట్ అంతా నవ్వుతుంది. ఎందుకు నవ్వారని ఆమె అడుగుతుంది, చెప్పాల్సింది అతనే. వాళ్లిద్దరి మధ్య నిజమైన సంభాషణ ఒక్కటి కావాలంటే అదే పెట్టు, అయిదారు వాక్యాలు మించనీయకు.

ఆ మాటలు కూడా అలాగే నిలవవు. అలల హోరులో రికార్డయినది చాలావరకు డబ్బింగ్‌కు ఆధారంగానే పనికొస్తుంది. తర్వాత హైదరాబాద్‌లో ఇంకో అమ్మాయి తెర మీద పెదాలు చూస్తూ ఆ డైలాగులు చెబుతుంది. ప, బ, మ పలికేటప్పుడు పెదాలు మూసుకుంటాయి గనక ఆ అక్షరాలు తప్పితే తెర మీద ఇట్టే తెలిసిపోతుంది. బీచ్‌లో కుర్రాడు సిగ్గుపడి "ప్రేమ" అన్న మాట మింగేశాడనుకో, ఆమె కూడా అనలేదు, ఆ గోల హోరులో ఎవరూ పట్టించుకోలేదు. డబ్బింగ్ థియేటర్‌లో ఆ మాట పెట్టడానికి మూసుకున్న పెదాలు కనబడవు. నీ కథకు ముగింపు అక్కడ దొరకవచ్చు.

ఇక కంటిన్యూయిటీ, అంటే వేరువేరు రోజుల్లో తీసిన షాట్లు ఒకదానితో ఒకటి కలిసేలా చూడటం. ఒక సీను సగం మంగళవారం, సగం శుక్రవారం తీస్తారు. మంగళవారం ఆమె ఏ చేత్తో గ్లాసు పట్టుకుంది, అందులో జ్యూసు ఎంతుంది, కుడిచేతికి గాజులెన్ని, పమిట ఏ మడత మీద ఉంది, జుట్టు ఎంతవరకు తడిసింది, ఇవన్నీ రాసుకోవాలి, ఫోన్లో ఫొటోలు తియ్యాలి. మోజులో ఉన్న కుర్రాడి నోట్సు ఎలా ఉంటుందో ఊహించు. ఆమె గాజుల్లో పగిలిన ఒక్కదాని రంగు కూడా ఉంటుంది. హీరో చొక్కా చేతులు మడిచి ఉన్నాయో లేదో మాత్రం ఉండదు. శుక్రవారం హీరో చొక్కా చేతులు దించుకుని వస్తాడు, అలాగే షాట్ తీస్తారు, తేడా ఎడిటింగ్‌లో బయటపడుతుంది. "అతను ఆమెను తప్ప ఎవరినీ చూడలేదు" అన్న నీ వాక్యం కొట్టేసి ఆ నోట్సు పేజీ చూపించు. ఆ ఫోన్లోని ఫొటోలు కూడా కథే. పనికోసం తీసినవి డిపార్ట్‌మెంట్‌కు పంపేశాక ఒక్కటి తనకోసం ఉంచుకున్నాడా, తుడిచేశాడా? అక్కడే అతనెలాంటివాడో పాఠకుడికి తెలుస్తుంది.

కాలం కూడా తేల్చుకో. ఫిల్ము రోజులైతే 1000 అడుగుల రోలు సుమారు 11 నిమిషాలే తిరుగుతుంది, ఇతని నోరు జారిన ప్రతిసారీ నిర్మాత డబ్బు పోతుంది, తిట్లు కూడా ఆ లెక్కలోనే పడతాయి. డిజిటల్‌లో ఆ భయం తక్కువ, టేకులు పెరుగుతాయి.

ఊరి విషయంలో నువ్వు చేసినది పెద్ద పొరపాటు. నీ కథలో సూర్యుడు సముద్రంలో మునిగాడు. మన విశాఖలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, కొండల వెనక దిగుతాడు. సముద్రం మీద సూర్యాస్తమయం కావాలంటే తెల్లవారుజామున తీసి సాయంత్రమని నమ్మించాలి. మే నెలలో అయిదున్నరలోపే పొద్దు పొడుస్తుంది గనక ఆమె మూడింటికే మేకప్‌కు కూర్చోవాలి, కుర్రాడు అంతకన్నా ముందే వచ్చుండాలి. నిద్రలేని ముఖంతో, చేతిలో టీ కప్పుతో ఉన్న ఆమెను అతను మొదట అప్పుడు చూస్తాడు. నీ వెన్నెల పోలికలకన్నా అది మేలు.

ఇసుకలో రెండో టేకుకు మొదటి టేకు అడుగులు కనబడకూడదు. చీపురుతో చెరపాలి, లేదా కెమెరాను పక్కకు జరపాలి. ఆమె అడుగుజాడలు చెరిపే పని ఇతనిదే. పోటు వేళ రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, కాబట్టి నిన్న నిలబడ్డ చోట ఈరోజు అదే టైముకు నీళ్లు అక్కడే ఉండవు. ఎర్రమట్టి దిబ్బల్లో పాట తీస్తున్నావు, ఆమెకు తెల్లచీర కట్టావు. ఆ మన్ను అంచుకు పట్టిందంటే దులిపినా పూర్తిగా పోదు. అలాంటి చోటికి అదే చీర రెండోది ఉంచుకుంటారు. కాస్ట్యూమర్‌ని ఒక్కసారైనా మాట్లాడించు.

ఆమె సంగతి. నీ కథలో ఆమెకు అందం తప్ప ఇంకేమీ లేదు. అర్థం తెలియని భాషలో, ఉప్పుగాలిలో, మేకప్ చెమటకు కారిపోతుంటే, వందమంది చూస్తుండగా ఏడవడం చాలా కష్టమైన పని. ఆమె ఆ పని చేస్తుండగా కుర్రాడు గమనించాలి. తిరిగి ప్రేమించనక్కర్లేదు, పొగరుబోతుగా మారి అతణ్ణి అవమానించనూ అక్కర్లేదు. ఏ నిజమైన నటినీ గుర్తుకు తెచ్చే ఆనవాళ్లు వద్దు.

ఆరో పేజీలో అతను బీచ్ రోడ్డు హోటల్ ముందు అర్ధరాత్రి దాకా కాపలా కాశాడు. నువ్వది ప్రేమగా రాశావు. ఆమె వైపు నుంచి అది భయం. తీసెయ్యి. ఉంచాలనుకుంటే ఆ భయాన్ని కూడా రాయి, కథ దాని బరువు మొయ్యాలి.

వచ్చే ఆదివారానికి కథంతా వద్దు, ప్రాంప్టింగ్ సీను ఒక్కటి పంపు. రెండు పేజీలు చాలు. ఆమె రూపం గురించి ఒక్క విశేషణం కూడా ఉండకూడదు. కుర్రాడు ఎక్కడ నిలబడ్డాడో, ఏ ముక్క అందించాడో, ఏ టేకు ఎందుకు పోయిందో రాయి. అది చూశాక డబ్బింగ్ థియేటర్ సీను సంగతి మాట్లాడుకుందాం.

నీ అన్నయ్య