వెనక గోడ మీద ఏముంది?

పోయిన నెల ఈ కామిక్స్ పేజీలో ఒక మాట జారాను. "హీరో మొహం అందరూ చూస్తారు, వాడి వెనక గోడ చూడండి" అని. అంతే, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం ఆ గోడ మీదే. ముప్పై ఏళ్లు విజయనగరంలో షాపుల బోర్డులూ గోడల మీద ప్రకటనలూ రాసి, ఫ్లెక్సీలొచ్చాక బ్రష్షులు టర్పెంటైన్లో నానబెట్టి ఊరుకున్న మనిషిని. గోడల గురించి అడిగితే నాకు సంతోషమే.

ఇంటర్నెట్‌లో ఒక్కో కామిక్ గురించి "మీరు గమనించని వంద విషయాలు" అని వీడియోలొస్తాయి. అదే కామిక్ నేను మూడుసార్లు తిరగేశాను, ఒక్కటీ కనపడలేదు. నా కళ్లలోనే లోపముందా మేష్టారూ?
— డిగ్రీ విద్యార్థిని, ఆమదాలవలస

కళ్లు బాగానే ఉన్నాయమ్మా, తొందరే ఎక్కువైంది. దసరా తర్వాత మంగళవారం మా ఊరొచ్చి పైడితల్లి అమ్మవారి సిరిమాను ఊరేగింపు చూడు. జనమంతా తలలెత్తి పొడుగాటి మాను చివర కూర్చున్న పూజారినే చూస్తుంటారు. మాను ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల వెళ్తాయి. పైఊరి వాళ్లు "అమ్మవారి పండగలో చేపల వలేటి?" అని అడుగుతారు. పైడితల్లి అమ్మవారి విగ్రహం పెద్దచెరువులోంచి పైకొచ్చిన కథ తెలిసినవాళ్లు అడగరు. ఆ వల ఎవరూ దాచింది కాదు, నడిరోడ్డు మీదే పోతోంది. మనం పైకి చూస్తున్నాం, అంతే.

కామిక్స్‌లో ఇందుకు నేను చూపించే పేజీ ఒకటుంది. అలన్ మూర్ రాసి, డేవ్ గిబ్బన్స్ బొమ్మలేసిన 'వాచ్‌మెన్', 1986-87లో పన్నెండు సంచికలుగా వచ్చింది. (చదవబోయేవాళ్లు ఈ పేరా దాటెయ్యండి, తర్వాత నన్ను తిట్టొద్దు.) మొదటి పేజీలో మురుగు కాలువ పక్కన నవ్వు మొహం బిళ్ల, దాని మీద నెత్తుటి చుక్క. అక్కణ్నించి గడి గడికీ చూపు పైకి లేస్తూ మేడ మీది కిటికీ దాకా వెళ్తుంది. గడుల మీద ఎవరిదో డైరీ. కింద పేవ్‌మెంటు మీద ఒకాయన పైపుతో నెత్తురు కడుగుతుంటాడు. అంతలో అంతం దగ్గరపడిందని రాసున్న బోర్డు పట్టుకుని ఇంకొకడు ఆ నెత్తుట్లోంచే నడిచిపోతాడు, వెనకాల ఎర్రటి అడుగులు. పిచ్చోడెవడో అనుకుని పేజీ తిప్పేస్తాం. అయిదో సంచిక చివర ముసుగు హీరో రోర్షాక్ ముసుగు లాగేస్తారు. లోపలున్నది ఆ బోర్డు మనిషి! అంటే మొదటి పేజీలో మనం ఎవడి డైరీ చదువుతున్నామో వాడే కింద నడిచి వెళ్తున్నాడన్నమాట. మొదటిసారి నాకూ తట్టలేదు. తెలిశాక వెనక్కి తిప్పి చూసి, ఆ రాత్రి అన్నం ఆలస్యంగా తిన్నాను.

అదే పుస్తకంలో వీధుల అంచున కార్లకి కరెంటు ఎక్కించే స్తంభాలుంటాయి. కథ జరిగేది 1985లో.  మన లోకంలో అప్పటికి మామూలు కానివి అక్కడ ఎలా వచ్చాయా అని పాఠకుడు ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి.

నా పద్ధతి ఒకటి చెప్తాను. మొదటిసారి కథ కోసం చదివెయ్యి. రెండోసారి హీరో మీద అరచెయ్యి పెట్టి, మిగిలింది చూడు. బోర్డులు, పేపర్లు, గడియారాలు, కిటికీలో మొహాలు. రోజుకి నాలుగు పేజీలు చాలు.

హల్క్ ఒకచోట బూడిదరంగు, ఒకచోట ఆకుపచ్చ. మామూలు మనిషిగా ఉన్నప్పుడు ఒకచోట బ్రూస్ బ్యానర్, ఇంకోచోట బాబ్ బ్యానర్. ఇందులో గూఢార్థం ఏమైనా ఉందా?
— ప్రభుత్వ ఉపాధ్యాయుడు, పలాస

గూఢార్థం లేదండీ, ఒకటి ప్రెస్సు చేసిన పని, రెండోది మతిమరుపు. 1962లో మొదటి సంచికకి బూడిదరంగే అనుకున్నారు. అచ్చులో ఒక పేజీలో ముదురుగా, ఒక పేజీలో లేతగా, రకరకాలుగా పడింది. రెండో సంచిక నుంచి ఆకుపచ్చ చేసేశారు. ఆ బాధ నాకు తెలుసు. బూడిదరంగు పొద్దున కలిపిన డబ్బా ఒకలా, సాయంత్రం కలిపిన డబ్బా ఇంకోలా ఉంటుంది. బోర్డు మధ్యలో గీత గీసినట్టు తెలిసిపోతుంది. అందుకే పెద్ద బోర్డుకి బూడిదరంగు అడిగితే నీలం బావుంటుందండీ అని మాట మార్చేవాణ్ని.

పేరు సంగతి ఇంకా బావుంటుంది. హల్క్ కథలు రాసిన స్టాన్ లీకి పేర్లు గుర్తుండేవి కావట. అందుకే పీటర్ పార్కర్, రీడ్ రిచర్డ్స్, బ్రూస్ బ్యానర్ అని మొదటక్షరాలు కలిసేలా పెట్టేవాడు, ఒకటి గుర్తొస్తే రెండోది దానంతటదే వస్తుందని. అయినా 1964లో బ్రూస్‌ని బాబ్ అని రాసేశాడు. పాఠకులు పట్టుకున్నారు. ఉత్తరాల పేజీలో ఆయన చెప్పిన జవాబు: అతని పూర్తి పేరు రాబర్ట్ బ్రూస్ బ్యానర్. బాబ్ అంటే రాబర్టే కదా! అదే ఇప్పటికీ ఖాయం.

తప్పు కనిపెట్టిన వాళ్లకి, ఆ తప్పు తప్పు కాదని గడుసుగా సమర్థించిన వాళ్లకి ఈ కామిక్స్ అచ్చేసే మార్వెల్ కంపెనీ వాళ్లు 'నో ప్రైజ్' పంపేవారు. పోస్టులో కవరొస్తుంది. విప్పితే లోపల ఏమీ ఉండదు. ఖాళీ కవరే బహుమతి.

నా చిన్నప్పుడు ఫాంటమ్ ఉండే అడవి పేరు డెంకాలి. ఇప్పుడు మా మనవడు బంగల్లా అంటున్నాడు. ఎవరు రైటు?
— రిటైర్డ్ ఉద్యోగి, సాలూరు

ఇద్దరూ రైటేనండి. లీ ఫాక్ 1936లో ఫాంటమ్ మొదలుపెట్టాడు. 1964లో మన దేశంలో ఇంద్రజాల్ కామిక్స్ వచ్చినప్పుడు ఇక్కడివాళ్లు ఆ దేశం పేరు డెంకాలిగా మార్చారు. సింగ్ అనే సముద్రపు దొంగల ముఠా 'సింగా' అయింది. బెంగాల్‌ని గుర్తుచేసే ఊరూ, సింగ్‌లంతా దొంగలూ అంటే మన పాఠకుడికి ఎలా ఉంటుందో మీకు చెప్పాలా?

బ్యాట్‌మన్ ఉండే గాథం నగరంలో పార్కులకీ వీధులకీ ఉండే పేర్లకి అర్థం ఉంటుందా?
— ప్రైవేటు కంపెనీ ఉద్యోగి, గరివిడి

ఉంటుంది బాబూ. గాథంలో రాబిన్సన్ పార్కు ఉంది. ఆ పేరు జెర్రీ రాబిన్సన్‌ది. పదిహేడేళ్ల వయసులో బ్యాట్‌మన్ బొమ్మలకి సహాయకుడిగా చేరిన కుర్రాడు. చాన్నాళ్లు అతను వేసిన బొమ్మల మీద సంతకం అతనిది కాదు, అతన్ని పనిలో పెట్టుకున్న చిత్రకారుడు బాబ్ కేన్‌ది.

అంతకంటే అన్యాయం బిల్ ఫింగర్‌కి జరిగింది. 1939లో మొదటి బ్యాట్‌మన్ కథ రాసింది అతను. రెక్కల బదులు అంగీ, కళ్లకి గంతల బదులు చెవులున్న ముసుగు అతని సలహాలే. టెలిఫోన్ డైరెక్టరీలో ఒక నగల షాపు పేరు చూసి నగరానికి గాథం అని పెట్టిందీ అతనే. కంపెనీ ఒప్పందం మాత్రం కేన్‌తో. సృష్టికర్తగా కేన్ పేరొక్కటే పడేది. ఫింగర్ 1974లో పోయాడు. సృష్టికర్తల వరసలో అతని పేరు చేర్చింది 2015లో.

ఇది తెలిశాక బొమ్మ వెనక ఏ పేరు కనపడినా ఒక్క క్షణం ఆగుతాను. 1965లో ఫెంటాస్టిక్ ఫోర్‌లో రీడ్, స్యూల పెళ్లి కథ చూడండి. చివర్లో ఆ కథ రాసిన స్టాన్ లీ, బొమ్మలేసిన జాక్ కిర్బీ పెళ్లికొస్తారు. పిలుపు లేదని గుమ్మంలోనే ఆపేస్తారు. నవ్వొస్తుంది. తమని బయటికి నెట్టేస్తున్న ఆ బొమ్మ గీసింది కూడా కిర్బీయే అని గుర్తొస్తే నవ్వు కొంచెం తగ్గుతుంది.

మా గురువుగారు నలభై ఏళ్లు ఈ ఊళ్లో బోర్డులు రాశారు. ఒక్కదాని మీదా సంతకం లేదు. 1998లో ఆయన పోయాక, టైర్ల షాపు షట్టరు మీద లారీ బొమ్మ వెయ్యమని నాకు పని వచ్చింది. నంబరు ప్లేటు మీద ఏపీ 35 అని మన జిల్లా నంబరేసి, పక్కన ఆయన పేరులో మొదటక్షరం 'ఎస్', ఆ పక్కన 1998 రాశాను. ఎవరికీ చెప్పలేదు.

డబ్బిచ్చి వేయించుకునే వాళ్లకి తెలియకుండా ఇలా దాచడం మోసం కాదా?
— బి.ఎల్. విద్యార్థి, శ్రీకాకుళం

లాయరు ప్రశ్నే వేశావు. ఏం దాచారన్నదాన్ని బట్టి ఉంటుంది. 2017లో ఒక ఎక్స్‌మెన్ పుస్తకంలో ఇండోనేషియా చిత్రకారుడు అర్దియన్ స్యాఫ్, తమ దేశంలో అప్పుడు నడుస్తున్న మత రాజకీయాల గొడవకి సంబంధించిన అంకెల్ని చొక్కా మీదా గోడల మీదా వేశాడు. అచ్చయి బజార్లోకి వచ్చాక తెలిసింది. మార్వెల్ అతన్ని తీసేసింది, తర్వాతి ముద్రణల్లో ఆ అంకెలు లేకుండా చేసింది. పిల్లలు చదివే పుస్తకంలోకి తన కక్షలు తెచ్చాడు కాబట్టి నాకు అతని మీద జాలి లేదు.

ఇక నా సంగతి. టైర్ల షాపాయన నంబరు ప్లేటు చూశాడు. "ఎవడి లారీ నంబరిది? రేపు ఆడొచ్చి గొడవెడితే?" అని చెరిపించాడు. 1234 రాయించాడు. కూలిలో రెండొందలు కోత కోశాడు. ఆయన వైపునుంచి చూస్తే న్యాయమే. సరేనని చెరిపాను. తర్వాత టైర్ల మీద గాడులు వేసేటప్పుడు ఒక్కో గాడి 'ఎస్' ఆకారంలో వేశాను. ఆరు టైర్లు. తొమ్మిదేళ్లు ఆ షట్టరు రోజూ లేచింది, రోజూ దిగింది. ఆయన కనిపెట్టలేదు. ఇప్పుడు చదివితే రెండొందలూ పంపమనండి.

మన పేర్లతో సూపర్ హీరో ఉన్నాడా?
— గృహిణి, బొబ్బిలి

2004లో స్పైడర్‌మన్ ఇండియా అని నాలుగు సంచికలొచ్చాయమ్మా. పీటర్ పార్కర్ అందులో పవిత్ర్ ప్రభాకర్. మేరీ జేన్ మీరా జైన్. మే అత్త మాయ, బెన్ మామ భీమ్. పిల్లలతో కూర్చుని మిగతావి పోల్చుకోండి, కథ కంటే ఆ ఆటే బావుంటుంది.

పోయిన నెల మీ పేజీ పైన మీరేసిన బొమ్మలో టీ గ్లాసు మీద చిన్న బల్లి ఉంది. అది మీ సంతకమా?
— ఎనిమిదో తరగతి, నరసన్నపేట

శెభాష్! ఎడిటరు గారు కూడా చూడలేదు. థోర్ కథలకి పేరొందిన వాల్ట్ సైమన్‌సన్ అనే ఆయన తన ఇంటిపేరునే పొడుగు మెడ డైనోసార్‌లా రాసి సంతకం చేస్తాడు. డైనోసార్లంటే పిచ్చని వాళ్లమ్మే అలా చెయ్యమందట. నాకు డైనోసార్ ఎక్కువవుతుందని బల్లితో సరిపెట్టాను.

నీకు నో ప్రైజ్ పంపుతున్నాను. కవరు ఖాళీయే, పైన స్టాంపు మాత్రం అసలుది. విప్పే ముందు అడ్రసు రాసిన అక్షరాలు ఒకసారి చూడు. అందులో ఒక 'ఎస్' ఉంది.