సంఘం మెయిళ్లు స్పామ్‌లో పడకుండా

నెల్లూరు

చిరంజీవి సురేశ్‌కు పెదనాన్న ఆశీస్సులు.

ఒంగోలు పూర్వ విద్యార్థుల సంఘం మెయిళ్లు చాలామందికి స్పామ్‌లోకి పోతున్నాయని, సబ్జెక్టులో ‘ఉచితం’, ‘అత్యవసరం’ వంటి మాటలు తీసేసినా ఫలితం లేదని రాశావు. మెయిల్ సర్వర్లతోనే ఉద్యోగం చేసినవాణ్ని కనుక చెబుతున్నాను, మాటలు మార్చినందువల్ల ఒరిగేది తక్కువ. మెయిల్ నిజంగా అది చెప్పుకునే డొమైన్ (చిరునామాలో @ తర్వాత ఉండే పేరు) నుంచే వచ్చిందా, అందుకున్నవారు దాన్ని కోరుకున్నారా అన్నవే ముఖ్యం.

ముందు ఒక మెయిల్‌ను నీ జీమెయిల్‌కే పంపుకొని, మూడు చుక్కలు నొక్కి ‘షో ఒరిజినల్’ తెరువు. పైనున్న పట్టికలో ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే వరుసల పక్కన ‘పాస్’ అనో ‘ఫెయిల్’ అనో ఉంటుంది. ఎస్‌పీఎఫ్ అంటే మీ డొమైన్ పేరుతో ఏయే సర్వర్లు మెయిల్ పంపవచ్చో డీఎన్‌ఎస్‌లో, అంటే డొమైన్ల వివరాలుండే ఇంటర్నెట్ డైరెక్టరీలో, రాసిపెట్టే జాబితా. డీకిమ్ అంటే పంపే డొమైన్ మెయిల్‌పై వేసే డిజిటల్ సంతకం. ఈ రెండింటిలో ఒకటైనా ‘ఫ్రమ్’లో కనిపించే డొమైన్‌తో కుదిరిందా అని డీమార్క్ చూస్తుంది. 2024 ఫిబ్రవరి నుంచి రోజుకు 5,000 గానీ అంతకు మించి గానీ పంపేవారికి జీమెయిల్ ఈ మూడింటినీ తప్పనిసరి చేసింది. మీరు అన్ని పంపకపోయినా మూడూ పెట్టించు.

అసలు చిక్కు సభ్యులు రాసే మెయిళ్లతోనే వస్తుంది. కావలిలోని సభ్యుడు యాహూ చిరునామాతో రాసినది మీ సర్వర్ మీదుగా అందరికీ వెళ్లేటప్పుడు, ఎస్‌పీఎఫ్ మీ డొమైన్‌కు కుదురుతుందే గాని యాహూకు కుదరదు. సబ్జెక్టు ముందు సంఘం పేరో, అడుగున ప్రకటనో మీరు చేర్చారంటే యాహూ వేసిన సంతకమూ చెల్లకుండా పోతుంది. 2014 ఏప్రిల్‌లో యాహూ తన డీమార్క్‌ను ‘రిజెక్ట్’కు, అంటే కుదరని మెయిల్‌ను తిరస్కరించమనే ఆదేశానికి, మార్చినప్పుడు ఎన్నో మెయిలింగ్ జాబితాలు ఇలాగే దెబ్బతిన్నాయి. కనుక సభ్యుల మెయిల్‌కు ఏమీ చేర్చకుండా ఉన్నదున్నట్టు పంపండి. తప్పనిసరిగా చేర్చాలంటే ‘ఫ్రమ్’లో సంఘం మెయిలింగ్ జాబితా చిరునామా, ‘రిప్లై టు’లో రాసినవారి చిరునామా వచ్చేలా చూడండి. మెయిలింగ్ జాబితాలు నడిపే మెయిల్‌మ్యాన్ అనే సాఫ్ట్‌వేర్‌లో దీనికి ‘మంజ్ ఫ్రమ్’ అనే సెట్టింగ్ ఉంది.

మీ డొమైన్ డీమార్క్‌ను మొదట ‘నన్’గానే, అంటే కుదరని మెయిల్‌ను ఏమీ చేయవద్దనే ఆదేశంగానే, ఉంచి, అందుకునే సర్వర్ల నుంచి వచ్చే నివేదికలు కొన్ని వారాలు చదివాకే బిగించాలి.

ఎప్పుడో వార్షికోత్సవం రిజిస్టర్‌లో రాయించుకున్న చిరునామాలన్నిటికీ పంపవద్దు, సమ్మతించినవారికే పంపు. వైదొలగే లింకు కనబడకపోతే విసిగినవాడు స్పామ్ బటన్ నొక్కుతాడు, వెయ్యి మెయిళ్లకు ముగ్గురు నొక్కినా జీమెయిల్ పెట్టిన 0.3 శాతం హద్దుకు చేరుకున్నట్టే. ఒక్క నొక్కుతో బయటపడే ఏర్పాటు చేసి, వద్దన్నవారి పేరు రెండు రోజుల్లో తీసేయి. ఎందుకు వెళుతున్నారని అడుగుతూ వారికి మళ్లీ మెయిల్ పెట్టవద్దు.

ఇట్లు,
నీ పెదనాన్న