చెరువు పక్కన ఫ్లాట్ తీసుకోవచ్చా? మీ ప్రశ్నకు నా జవాబు

హైదరాబాద్‌లో సరూర్‌నగర్ చెరువు దగ్గర రెండో అంతస్తులో 'లేక్ వ్యూ' ఫ్లాట్ చూశామని, చిన్నపిల్లలు ఉన్నారని, ఉండొచ్చా అని అడిగారు. ఆ చెరువు చుట్టుపక్కల నేను ఏడేళ్లు అద్దెకు ఉన్నాను. రెండిళ్లు మారాను. మొదటిది కట్టకు దిగువ కాలనీలో గ్రౌండ్ ఫ్లోర్, రెండోది మెరక మీద మూడో అంతస్తు. చెరువు ఒకటే అయినా ఆ రెండిళ్లలో బతుకు మాత్రం ఒకటి కాదు.

ముందు ఒకటి అడుగుతాను. ఫ్లాట్ ఏ వేళప్పుడు చూపించారు? సాయంత్రమే అయి ఉంటుంది. నాకూ అప్పుడే చూపించారు. నీళ్ల మీద ఎండ పడుతుంటే, కొంగలు దిగుతుంటే ఎవరికైనా మనసు జారుతుంది. అందుకే ఎండాకాలంలో ఒకసారి తెల్లవారుజామున ఐదింటికి వెళ్లి చూడండి. గాలి కదలని వేళ కిటికీ తెరిస్తే అసలు సంగతి తెలుస్తుంది. మురుగు కలిసే చెరువు ఏదైనా ఇంతే. మా పాప వెండి పట్టీలు తోమిన నాలుగో రోజుకే నల్లబడేవి. మొదట్లో అంగడివాడు మోసం చేశాడనుకున్నాం. తర్వాత ఏసీలో గ్యాస్ అయిపోయింది. నింపించిన ఏడాదికే మళ్లీ అయిపోయింది. మెకానిక్ రాగి కాయిల్ విప్పి, మసి పట్టినట్టున్న గొట్టాన్ని వేలితో గీకి చూపించి, "మీ ఇల్లు చెరువు పక్కనా సార్?" అన్నాడు. కుళ్లిన నీళ్లలోంచి వచ్చే వాయువు వెండినీ రాగినీ తినేస్తుందని నాకు అప్పుడే తెలిసింది.

దోమల గురించి వేరే చెప్పక్కర్లేదు. గుర్రపుడెక్క పెరిగిందంటే ఇంక సాయంత్రం ఆరు దాటాక బాల్కనీ ఉన్నా లేనట్టే.

అయితే వాసన, దోమలు భరించలేనివేం కావు, అలవాటు పడతాం. అసలు చూసుకోవాల్సింది నీటి దారి. హైదరాబాద్ చెరువులు చాలావరకు గొలుసుకట్టువి, ఒకటి నిండితే ఆ నీళ్లు కిందిదానిలోకి వెళ్తాయి. మీర్‌పేట వైపు చెరువులు నిండితే ఆ నీళ్లు సరూర్‌నగర్‌కు వస్తాయి, ఇక్కడ నిండితే దిగువ కాలనీల మీదుగా మూసీ చేరాలి. ఆ దారి పొడవునా ఇళ్లు లేచాయి. మా సందు చివర కిరాణా కొట్టు పెద్దాయన అనేవాడు, "గేటు ఎత్తితే మనం మునుగుతం, ఎత్తకపోతే పైనోళ్లు మునుగుతరు" అని. ఏదో మాటవరసకు అంటున్నాడనుకునేవాణ్ని.

2020 అక్టోబర్ 13న బేగంపేటలో 19 సెంటీమీటర్లకు పైగా పడిందే, ఆ వాన. రాత్రి తొమ్మిదికల్లా గడప ముందు చెప్పులు తేలుతున్నాయి. వాకిలికి గోనెసంచులు అడ్డం పెట్టి గెలిచామనుకున్నాం. నీళ్లు ముందు వాకిట్లోంచి రాలేదు, బాత్రూం జాలీలోంచి బుడబుడమంటూ పైకి ఎగదన్నాయి. పిల్లను భుజాన వేసుకుని పై వాటా ఆంటీవాళ్లింటికి వెళ్లిపోయాం, మూడు రోజులు అక్కడే తిన్నాం. ఇల్లు చూపించినప్పుడు "ఇక్కడ నీళ్లు రానే రావు" అన్న ఓనర్ ఆ మూడు రోజులూ ఫోన్ ఎత్తలేదు.

అంత జరిగినా మళ్లీ ఆ చెరువు దగ్గరే ఇల్లెందుకు వెతికావని మా తమ్ముడు ఇప్పటికీ దెప్పుతాడు. ఏం చెప్పను? పొద్దున్నే ప్రియదర్శిని పార్కులో నడక, సద్దుల బతుకమ్మ నాడు నీటి గట్టున ఆడవాళ్ల పాటలు, వినాయక నిమజ్జనానికి తెల్లవార్లూ లారీల వరస. ఆ గోల తిట్టుకుంటూనే బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చునేవాణ్ని. మెరక మీద మూడో అంతస్తు కాబట్టి ఆ సుఖం దక్కింది, అది వేరే సంగతి.

అద్దెకైతే పోనీ, నచ్చకపోతే సామాను సర్దుకుంటాం. కొనేటట్టయితే మాత్రం హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) చెరువుల వెబ్‌సైట్‌లో ఆ చెరువు ఎఫ్‌టీఎల్ మ్యాప్, అంటే చెరువు పూర్తిగా నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో ఆ హద్దు చూపించే మ్యాప్ తీసి, మీ సర్వే నంబర్ ఎక్కడ పడుతుందో చూడండి. 2012 నాటి భవన నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు వదలాలి. బ్యాంకు లోన్ ఇస్తోంది కదా అని ఊరుకోవద్దు. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక చెరువుల దగ్గర కొన్నవాళ్ల టెన్షన్ చూస్తూనే ఉన్నాం.

రెండో అంతస్తు కాబట్టి మీ ఇంట్లోకి నీళ్లు రాకపోవచ్చు. కానీ బండి సెల్లార్‌లో ఉంటుంది, సంపు నేలలో ఉంటుంది, లిఫ్ట్ గుంత కిందే ఉంటుంది. మంచినీళ్ల సంపులో ఒక్కసారి మురుగు కలిస్తే రెండో అంతస్తైనా పదో అంతస్తైనా ఒకటే.

ఈసారి వెళ్లినప్పుడు బ్రోకర్‌ను కాదు, ఎదురింటి వాచ్‌మన్‌ను అడగండి. పక్క ఇళ్ల గేట్ల ముందు కొత్తగా ఇటుకలతో జానెడు గట్టు కట్టుకున్నారా? కరెంటు మీటర్లు తల ఎత్తుకన్నా పైకి మార్చుకున్నారా? చూసొచ్చి, ఫ్లాట్ కట్టకు ఎటువైపు ఉందో కూడా ఇక్కడ రాయండి, నాకు తెలిసింది చెప్తాను.