ట్యాంకు మొత్తం వద్దు, చైన్ ఒక్కటే గీయించండి

మాస్టారూ, మీ పాలిటెక్నిక్ పిల్లలు టీ-55 ట్యాంకు మొత్తం క్యాడ్‌లో (కంప్యూటర్ మీద డ్రాయింగ్ గీసే సాఫ్ట్‌వేర్) గీశారని, ఫైల్ తెరిస్తే సిస్టమ్ వేలాడిపోతోందని, త్రీడీ ప్రింట్ తీసిన చైన్ లింకుల్లో పిన్ను దిగడం లేదని రాశారు. టెన్షన్ పడకండి.

కన్నం 5 మి.మీ., పిన్నూ 5 మి.మీ. గీసుంటారు. స్క్రీన్ మీద దూరుతుంది, చేతిలో దూరదు. పైగా మామూలు ఫిలమెంట్ ప్రింటర్‌లో చిన్న కన్నాలు ఇంకాస్త ఇరుగ్గా వస్తాయి. పిన్ను 5 ఉంచి కన్నం 5.4 చేయించండి, బిగుతనిపిస్తే 0.1 చొప్పున పెంచండి. ముందు రెండు లింకులే ప్రింట్ తీయండి. నేనైతే ఈ లెక్క పిల్లలకు చెప్పను, వెర్నియర్ (సన్నని కొలతలు తీసే పరికరం) చేతికిచ్చి ఊరుకుంటాను.

ఇక ఫైల్ సంగతి. ఒక్క లింకు గీసి, దాన్నే చైన్ దారి వెంట ప్యాటర్న్ చేయాలి, అంటే అదే లింకు వరసగా రిపీట్ అయ్యేలా పెట్టాలి. బోల్టులకు నిజం మరలు గీస్తే ఏ సిస్టమైనా చతికిలబడుతుంది, పైపై గుర్తు చాలు.

36 టన్నుల బండి బురదలో ఎందుకు దిగబడదో క్లాసులో చెప్పక్కర్లేదు. కోతలప్పుడు చేలో దిగే చైన్ మిషన్ దగ్గరికి తీసుకెళ్లి, నేలను తాకే చైన్ పొడవు, వెడల్పు టేపుతో కొలిపించండి. బరువు ఎంత జాగా మీద పరుచుకుంటుందో వాళ్లకే తెలుస్తుంది. టీ-55 లింకు పోతపోసిన మాంగనీస్ ఉక్కు. కోస్తున్నకొద్దీ గట్టిపడే రకం, టూల్ అరిగిపోతుంది. క్యామ్ (కంప్యూటర్‌తో మెషిన్ నడిపి లోహం కోయడం) పాఠానికి అంతకన్నా మంచి ఉదాహరణ నాకు తోచలేదు.

ఆయుధాలేంటని తల్లిదండ్రులెవరైనా అంటే, పిల్లలకు గీయడానికి 20 లీటర్ల జెర్రీ క్యాన్ (పెట్రోలు మోసే రేకు డబ్బా) ఇవ్వండి. అదీ సైన్యం సరుకే: నొక్కిన రేకు సగాలు రెండు, పిడులు మూడు.